సుందరాబాయి ముక్కు

జనవాడలో సుందరాబాయి ముక్కుకు భయపడని మనిషి లేడు. వచ్చినవాళ్ల చెప్పుల్లో కూడా సోడాఉప్పు చల్లే మనిషి! మొగుడు నర్సప్ప చేను నుంచి వస్తే, స్నానం చేసేదాకా గడప తొక్కనిచ్చేది కాదు. ఆయన పోయి ఏడాది నిండింది. ఆమె తోమడం మాత్రం ఆగలేదు. కూర్చుంటే ఒక కంపు, లేస్తే ఇంకో కంపు.

ఆ ఇంట్లో ఆమె చెయ్యి పడని వస్తువు ఒక్కటే, పెట్టెలోని ఎర్ర పట్టు దట్టీ. పీర్ల పండుగకు ఊరేగించే పీరుకు చుట్టే గుడ్డ అది. నాలుగు తరాలుగా ఆ ఇంటి మగవాళ్లు దాన్ని చుట్టిన పీరును ఒంటికి ఆనించి ఎత్తుకుంటున్నారు. దాన్ని ఉతకరు, నీడన ఆరేస్తారు, అంతే. రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మార్చిన మరుసటి ఏడు, కొడుకు చంద్రప్ప మొదటిసారి పీరును ఎత్తుకోవాలి.

ముందురోజు పెట్టె తెరిచింది. చెమట, ఊదు, ముక్కిన వాసన అన్నీ కలిసి గుప్పుమన్నాయి.

"గీ కంపు నా కొడుకు మీదికి ఎట్ల ఎక్కియ్యాలె?" అంది.

"వద్దక్కా, ముట్టకు," అని పక్కింటి పోశమ్మ మొత్తుకుంది. వింటేగా! సోడాఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లతో రుద్ది ఎండలో వేసింది.

పొద్దు వాలేసరికి ఎరుపు మరకలు మరకలుగా కారింది. జరీ నల్లబడింది. మడత పెట్టబోతే పట్టు ఎండుటాకులా చిట్లింది. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగింది, తిరిగింది. పీర్లను ఉంచే సావిడిని చూసుకునే మదార్‌సాబుకు చూపు పోయి పదేళ్లు, ఆయనకు రంగేం తెలుస్తుందిలే అని చివరికి మనసుకు సర్దిచెప్పుకుంది.

మర్నాడు సావిడిలో మదార్‌సాబు దట్టీలు ఒక్కొక్కటే అందుకుంటున్నాడు. ఏది ఎవరిదో ముక్కుతో పోల్చి, ఆ ఇంటివాళ్లకు పీరును అప్పగిస్తాడు. సుందరాబాయి ఇచ్చినదాన్ని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. తిరిగి ఇచ్చేశాడు.

"గిది నర్సప్పోల్లది గాదు బిడ్డా. వాని చెమట నాకు తెల్వదా? అసలుది తే," అని చెయ్యి చాచాడు.

పక్కనే ఉన్న చంద్రప్ప, తన తల్లి మొహం చూశాడు. ఆమె గుడ్డను ముక్కుకు అదుముకుంది. నిమ్మకాయ తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లు తరిమికొట్టిన ఆ వాసన కోసం ప్రాణం కొట్టుకుపోయింది.

"గిదే అసలుది మామా," అంది. "ఆయన దీన్లనే ఉండె. నేనే కడిగి పారబోసిన."

మదార్‌సాబు చాచిన చెయ్యి దించాడు. ఆ ఏడు వాళ్ల పీరు సావిడి దాటలేదు.