ఆమె బీడీ కార్డు

నిజామాబాద్‌లో మేం ఆరుగురు ఆడవాళ్లం కలిసి ఒక చిన్న సంఘం నడుపుతున్నాం. నేను రిటైరైన టీచర్ని. మిగతావాళ్లలో ఇద్దరు నర్సులు, ఒకామెకు కిరాణా కొట్టుంది. ఇల్లు విడిచి రావాల్సి వచ్చిన ఆడవాళ్లకు అద్దె గది చూడటం, పిల్లల్ని బడిలో చేర్పించడం, కుట్టు నేర్పించడం మా పని. కుట్టు మిషనంటే మాకు మహా నమ్మకం. ఎవరు ఏ కష్టంతో వచ్చినా మేమిచ్చే మందు అదొక్కటే.

రెండేళ్ల కిందట ఎడపల్లి నుంచి ఒకామె వచ్చింది. తాగి కొట్టే భర్తను వదిలేసి, మూడో తరగతి చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మాట తక్కువ మనిషి. మూడు నెలలు ఒక్కరోజు మానకుండా క్లాసుకు వచ్చింది కానీ ఆమె కుట్టిన జాకెట్టు ఒక్కటీ వేసుకునేలా లేదు. నాకు మొదటి నుంచీ ఓపిక తక్కువ. కుట్టిందల్లా మళ్లీ మళ్లీ విప్పించేదాన్ని. ఆమె కిమ్మనకుండా విప్పేది.

ఒకరోజు విప్పడం ఆపి, "మేడం, నా బీడీ కార్డు ఇప్పియ్యున్రి" అంది.

అన్ని రోజుల్లో ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పదిహేనేళ్లుగా బీడీలు చుట్టిందట. కార్డు ఉంటేనే కార్ఖానాలో ఆకు, తంబాకు ఇస్తారు. రేపు ముసలితనంలో పెన్షను రావాలన్నా అదే ఆధారం. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు కార్డు అత్త పెట్టెలో ఉండిపోయింది. అత్త ఇప్పుడు దాని మీద తాను బీడీలు ఇస్తూ, దాన్ని చిన్నకోడలి పేరు మీదికి మార్పించాలని తిరుగుతోందని ఊరి నుంచి కబురొచ్చింది. పేరు మారితే ఈమె పదిహేనేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

నాకది అసలు నచ్చలేదు. మళ్లీ ఆ తంబాకు దుమ్ములో కూర్చుంటావా అని కోప్పడ్డాను.

"నాకచ్చిన పని గదే మేడం" అంది. చివరికి నేనే తగ్గాను. మర్నాడు ఇద్దరం ఎడపల్లి మీదుగా పోయే బోధన్ బస్సెక్కాం.

కార్ఖానా అంటే పేరుకే, ఊళ్లో ఒక రేకుల షెడ్డు. మధ్యాహ్నం ఆడవాళ్లు చాటల్లో బీడీ కట్టలు తెచ్చి వరసగా కూర్చున్నారు. ఒక ముసలాయన కట్టలు ఒక్కొక్కటే చూసి, బాగాలేని బీడీలు ఏరి పక్కన పడేస్తున్నాడు. కంపెనీ తరఫున ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు కుర్చీలో ఉన్నాడు. మేం వస్తున్నట్టు ఎవరు చెప్పారో, అత్త మాకంటే ముందే వచ్చి కూర్చుంది.

నేను మూడు పేజీల దరఖాస్తు రాసుకెళ్లాను. హక్కులు, న్యాయం, అన్నీ అందులో ఉన్నాయి. చదవడం మొదలుపెట్టానో లేదో అత్త ఒంటికాలి మీద లేచింది.

"గీమె ఎన్నడు సుట్టింది మేడం? కార్డు పేరుకే గీమెది. సుట్టిందంత నేను."

టేకేదారు ఎటూ తేల్చలేదు. "కార్డు మీద వారం వారం బీడీలు అస్తనే ఉన్నయి. ఇంట్ల ఎవలు సుట్టిన్రో నాకేం ఎర్క?" అన్నాడు. నేను రెండో పేజీ తిప్పాను. ఎవరూ వినడం లేదు.

అప్పుడు ఆమె నా పక్క నుంచి లేచింది. కట్టకు తక్కువైన బీడీలు అక్కడే చుట్టుకుంటున్న ఒకామె దగ్గరికి పోయి, "అక్కా, జర చాట ఇయ్యి" అని అడిగి తీసుకుంది. కింద కూర్చుని ఆకులో తంబాకు పోసింది, చుట్టింది, మూతి మడిచింది, దారం కట్టింది. మా క్లాసులో కుట్లు విప్పుకుంటూ కూర్చునే మనిషేనా అనిపించింది. అంత వేగంగా కదిలే చేతులు నేను చూడలేదు. పది బీడీలు చుట్టి ముసలాయన ముందు పెట్టింది.

ఆయన ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"గిది ఎడమ చేతి సుట్టు. మా ఊర్ల గిట్ల ఉల్టా తిప్పేటిది ఒక్కతే. గిన్నేండ్లు గా కార్డు మీద అచ్చినయి గివే. ఈ నడుమనే అస్తలేవు" అన్నాడు.

నాకు సిగ్గేసింది. క్లాసులో ఆమె కత్తెర ఎడమ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా లాక్కుని కుడి చేతిలో పెట్టింది నేనే. ముప్పై ఏళ్లు పిల్లలకు బలపం పట్టించిన అలవాటు. ఆమె చేతులు పనికిరావని నర్సులిద్దరితోనూ అన్నాను కూడా.

వరసలో ఉన్న ఆడవాళ్లు ముసలాయన మాట నిజమేనన్నారు. "మాకెర్కలేదా అవ్వా, ఎవలు సుట్టిన్రో" అని ఒకామె అత్తనే అడిగింది. అత్త కాసేపు గొణిగి, చివరికి ఇంటికి పోయి కార్డు తెచ్చి టేకేదారు ముందు పడేసింది. ఆయన నిజామాబాద్ కార్ఖానాకు మార్చమని చీటీ రాసి, రెండూ నా చేతికిచ్చాడు. మేడంని నేనే కదా. హ్యాండ్‌బ్యాగులో పెట్టి జిప్పు వేసుకున్నాను.

తిరుగు బస్సులో నా నోటికి తీరిక లేదు. రేపు కార్ఖానాకు ఎవరితో ఫోన్ చేయించాలో, ఏ కాగితాలు జిరాక్స్ తీయించాలో, కార్డు మా సంఘం బీరువాలో ఉంటే ఎంత భద్రమో చెప్పుకుంటూ పోయాను. ఆమె అంతా విని, నా ముందుకు చెయ్యి చాపింది.

"కార్డు ఇటియ్యున్రి మేడం. మా అత్త గూడ భద్రంగనే పెట్టింది."

జిప్పు తీసి, కార్డూ చీటీ ఆమె చేతిలో పెట్టాను.