ఉప్పుగాలికి పూత రాయించిన అక్క

మొన్న బుధవారం పొద్దున కూర్మన్నపాలెంలో షేర్ ఆటో ఎక్కాక ఫోనొచ్చింది. అక్క పోయిందట. తెల్లారేసరికి గుండె ఆగిపోయిందని వాళ్ల తమ్ముడు చెప్పాడు. గాజువాకలో అందరూ దిగిపోయినా నేను కూర్చునే ఉన్నాను. డ్రైవరు రెండుసార్లు పిలిచాక గానీ తెలివి రాలేదు.

అక్క నాకు చుట్టం కాదు. గాజువాకలో సర్క్యూట్ బోర్డుల మీద పార్టులు అతికించి ఇచ్చే చిన్న యూనిట్ మాది. ఫలానా బోర్డు తయారుచేసి ఇవ్వడానికి ఎంతవుతుందో ఎస్టిమేటు వెయ్యడం ఆమె పని. సముద్రం మీద వేటకెళ్లే ఇంట్లో పుట్టింది. పదో తరగతి అయ్యాక సోల్డరింగ్ బల్ల దగ్గర చేరి, ఏళ్ల తరబడి అక్కడ పనిచేసి, ఎస్టిమేట్లు వేసే కుర్చీలోకి వచ్చింది. పిల్లల్ని బడిలో వేశాక, ముప్పై దాటిన వయసులో నేను ఆమె దగ్గర పనికి చేరాను.

మొదటిరోజు నేను కంప్యూటర్లో పార్టుల జాబితా తెరిస్తే మూసేయమంది. ఖాళీ బోర్డు చేతిలో పెట్టింది.

"ముందు దీన్ని సూడు. అటూ ఇటూ తిప్పు. మిషను పెట్టేవి ఏటి, సేత్తో అతకాల్సినవి ఏటి, నువ్వే సెప్పు."

తర్వాత వాచీ ఇచ్చి సోల్డరింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఒక్కో బోర్డుకు ఎంతసేపు పడుతోందో రాసుకొచ్చాను. కాయితం చూసి అడిగింది.

"మజ్జిలో ఆవిడ మెడెత్తి అటూ ఇటూ తిప్పుకుంది. అదెక్కడ రాసావు?"

"అది పని కాదు కదక్కా."

"నువ్వు రాయకపోతే ఆ టైం ఆళ్ల టీ టైంలోంచి పోతాది. అప్పుడు లాక్కున్నది నువ్వే."

ఎస్టిమేటు ఎప్పుడూ పెన్సిల్‌తో రాసేది. టైపు చేసే ముందు బల్లల దగ్గరికి తీసుకెళ్లి, ఆ పని చెయ్యబోయే ఆడవాళ్లకు ఒక్కో వరుసా చదివి వినిపించేది. "ఏటైనా తప్పిందా?" అని అడిగి, వాళ్లు చెప్పింది దిద్దుకునేది. ఇంకెక్కడా ఇలా చేస్తారని నేను వినలేదు.

ఒకసారి ఆమె సెలవులో ఉండగా నేనొక్కదాన్నే ఒక ఎస్టిమేటు వేశాను. వేట బోట్లలో పెట్టే పరికరం అది. ప్రమాదంలో మీట నొక్కితే ఒడ్డుకు కబురు అందుతుంది. పార్టులు, పని, తనిఖీ అన్నీ లెక్కేశాను. ఆ పరికరం అమ్మే కంపెనీకి కొటేషన్ వెళ్లింది, వాళ్లు ఒప్పుకున్నారు. నేను సంబరపడ్డాను. అక్క వచ్చి కాయితం రెండుసార్లు చదివింది.

"ఉప్పుగాలి తగలకుండా పైన పూత ఎయ్యాలి కదే. అదేది?"

పూత సంగతి నాకు తట్టనే లేదు. ఓనరుగారు మాత్రం, "వాళ్లు అడగలేదు, డ్రాయింగులో లేదు. ఉన్నదున్నట్టు చేసిచ్చేద్దాం" అన్నారు.

"మా తమ్ముడు బోటు మీద ఎల్తాడు సార్. మీట నొక్కితే పలకని పెట్టె ఆడి సేతికి నాను ఇవ్వలేను."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని సిటీ బస్సులో ఆ కంపెనీకి వెళ్లింది. తప్పు నాదని నా పేరు చెప్పేస్తుందేమోనని దారంతా భయం. అక్కడ మేనేజరుగారి ఎదుట కుర్చీలో సర్దుకుని, "మా కొటేషన్‌లో పూత మర్చిపోయాం సార్. సూసుకోవాల్సింది నాను. అది లేకుండా ఈ బోర్డు సముద్రంలోకి పంపకండి, మా సేత గానీ ఇంకొకరి సేత గానీ" అంది. ఆయన తన లెక్కలు చూసుకున్నారు. తన దగ్గరున్న డబ్బు పెరగదని, ఆ డబ్బుకే పూతతో ఎన్ని బోర్డులు వస్తే అన్నే చెయ్యమని చెప్పారు. ఆర్డరు బాగా తగ్గిపోయింది. ఓనరుగారు వారం రోజులు అక్కతో సరిగా మాట్లాడలేదు.

తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే కిటికీ వైపు జరిగి చోటిచ్చింది.

"ఏడుపెందుకే? రేపు కొత్త బోర్డు వస్తంది. ఎస్టిమేటు నువ్వే వెయ్యి."

"మళ్లీ నేనా?"

"ఇంకెవులు? ఇక మీద పూత మర్చిపోనిది నువ్వొక్కదానివే."

ఆ మాట మీదే నేను ఇన్నాళ్లూ ఎస్టిమేట్ల బల్ల దగ్గర కూర్చోగలిగాను. ఆమె దిద్దుబాట్లు ఒక్కో ఏడాదీ తగ్గుతూ వచ్చాయి. పోయినేడాది నేను వేసిన ఒక ఎస్టిమేటు మొత్తం చదివి, ఏమీ అనకుండా నాకు తిరిగిచ్చేసింది. అది మెచ్చుకోలని అర్థం కావడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

బుధవారం యూనిట్ మూసేసి అందరం వాళ్లింటికి వెళ్లాం. ఆ వీధిలో ఎవరూ వేటకెళ్లలేదు, బోట్లన్నీ ఇసుకలోనే ఉన్నాయి. వాళ్ల తమ్ముడు నా చేతులు పట్టుకుని, "మీ గురించే సెప్పేది" అన్నాడు. బయటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అరుగు మీది తీగ మీద, డ్యూటీలో వేసుకోడానికని ముందురోజు ఉతికి ఆరేసుకున్న ఆమె నీలం కోటు ఉంది. ఎవరూ తియ్యలేదు. సముద్రపు గాలికి దాని చేతులు రెండూ ఉబ్బి, మళ్లీ వాలిపోతున్నాయి.