స్టేషన్ గేటు దగ్గర దొరికిన నూనె ప్రకటన

రికార్డర్ పెట్టె మూసి ఇంట్లో కూర్చోవడానికి రెండేళ్ల ముందు మాట ఇది. ఎండలు ముదిరిన ఏప్రిల్‌లో, హిందూపురంలోని ఒక వేరుశనగ నూనె మిల్లు ప్రకటనకు నన్ను లొకేషన్ సౌండ్ రికార్డిస్టుగా పిలిచారు. నిడివి ముప్పై సెకన్లు. షూటింగు రెండు రోజులు, పెనుకొండ కొండ కింద.

మా హోదా గురించి ముందే చెప్పడం మంచిది. ప్రకటనల్లో మాటలు చాలావరకు తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెప్పిస్తారు. లొకేషన్లో మేము పట్టేదాన్ని పైలట్ ట్రాక్ అంటారు. పెదవుల కదలికకు మాట కలుపుకోవడానికి డబ్బింగ్ వాళ్లకు అది ఆధారం. ఆ పని అయిపోయాక దాన్ని ఎవరూ వినరు. అందుకని యూనిట్లో కెమెరామన్‌కు గొడుగు పట్టడానికి ఒక మనిషి ఉంటాడు. నాకు మాత్రం "సార్, ఆ కర్ర కొంచెం పక్కకు జరపండి, ఫ్రేములోకి వస్తోంది" అని చెప్పడానికి ఒక మనిషి ఉంటాడు. ఆ కర్ర చివర మైకు ఉంటుంది.

దర్శకుడు వంశీధర్ హైదరాబాద్ కుర్రాడు. పని తెలిసినవాడే. కాకపోతే రాయలసీమను ఆయన సినిమా హాల్లో తప్ప ఎక్కడా చూడలేదు. ఆయన రాసుకున్న కథలో తెల్ల జీపులు దుమ్ము రేపుకుంటూ వస్తాయి. వాటిలోంచి వేటకొడవళ్లతో మనుషులు దిగుతారు. అవతల ఇంకో వర్గం కాచుకుని ఉంటుంది. మధ్యలో ఒక ముసలామె బాణలి పెట్టుకుని వడలు వేయిస్తూ గర్జిస్తుంది. ఆ వాసనకు ఇరువర్గాలూ కొడవళ్లు పడేసి వడలు తింటాయి. అంతలో నూనె డబ్బా తెర మీదికి వస్తుంది.

మిల్లు యజమాని రామచంద్రశెట్టి ఈ కథ విన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. కథ అయ్యాక మెల్లగా అడిగాడు.

"ఏమప్పా, ఇది నూనె అమ్మేదానికా, ఎలక్షన్ కొట్లాటకా?"

జనానికి గుర్తుండిపోతుంది సార్ అని వంశీధర్ హామీ ఇచ్చాడు. గుర్తుండడంలో మాత్రం నాకూ అనుమానం లేకపోయింది.

వర్గాల కోసం సోమందేపల్లి వైపు నుంచి రైతులను, గొర్రెలు కాసుకునేవాళ్లను జూనియర్ ఆర్టిస్టులుగా తెచ్చారు. అంటే గుంపులో నిలబడే నటులన్నమాట. వాళ్లలో ముందు వరుసకు ఎంపికైనవాడు నాగప్ప. యాభై దాటిన మనిషి, మొహంలో మంచి గీతలున్నాయి. ముసలామె పాత్రకు ఓబుళమ్మ అనే ఆమెను తీసుకున్నారు. రోడ్డు పక్కన మరమరాల ఉగ్గాని, బజ్జీలు వేసి అమ్ముకునే మనిషి కాబట్టి బాణలి దగ్గర నటించాల్సిన పని లేదు. చిక్కల్లా మాటల దగ్గరే వచ్చింది. ప్రకటనల ఏజెన్సీవాళ్లు రాసిచ్చిన గర్జనను ఆమె విని, ఇంకోసారి చెప్పించుకుని, నా వైపు తిరిగింది.

"ఇట్ల యాడ మాట్లాడ్తారప్పా? మా ఇంటికాడ కుక్కను గూడా నేనింత గెట్టిగా అర్సను."

సహజంగా చెయ్యమ్మా అన్నాడు వంశీధర్. ఆమె సహజంగా చెప్పింది. ఇంకొంచెం సీమ యాసలో కావాలమ్మా అన్నాడాయన. పుట్టినప్పటి నుంచి అదే యాసలో బతికిన మనిషి ఆ మాటకు ఏం చేయాలో తోచక తను తెచ్చుకున్న బజ్జీ పిండి కలుపుకుంటూ కూర్చుంది.

కొడవళ్లు ఫైబర్‌వి. వెండి రంగు వేసి తెచ్చారు. చూడటానికి భయంకరంగానే ఉన్నాయి కానీ ఒకదానికొకటి తగిలితే ప్లాస్టిక్ బకెట్లు తగిలినట్టు మోగేవి. ఆ శబ్దానికి నాగప్ప వర్గం నవ్వేది, అది చూసి ఎదుటి వర్గం నవ్వేది. ఎండకు జిగురు కరిగి అంటించిన మీసాలు ఊడేవి.

మధ్యాహ్నానికి వంశీధర్‌కు దుమ్ము నచ్చలేదు. ఎర్రదుమ్ము కావాలని యూనిట్‌ను హైవేకు దగ్గరగా ఇంకో చోటికి తరలించాడు. బయట షూటింగు చేస్తే, ఆ చోటు ఏ పోలీసు స్టేషన్ పరిధిలోకి వస్తుందో వాళ్లకు ముందుగా లేఖ ఇవ్వాలి. మొదటి చోటికి ఇచ్చాం. రెండో చోటు వేరే పరిధి అన్న సంగతి దుమ్ములో ఎవరికీ గుర్తు రాలేదు. హైవే మీద బస్సులో పోతున్నవాళ్లెవరో జీపులను, కొడవళ్లను చూసి ఫోన్ చేశారు.

పోలీసులు వచ్చారు. ఎస్సై ఒక యువతి. జీపు దిగుతూనే కత్తులు కింద పెట్టమంది. పొద్దుటి నుంచి ఎన్ని టేకులు తీసినా కుదరని షాటు ఆ క్షణంలో కుదిరింది. రెండు వర్గాలూ ఒక్కసారిగా కొడవళ్లు పడేశాయి; నాగప్పదైతే చేతిలోనే గడగడ వణికి పడింది. మొహాల్లో అంత చక్కటి భయం. కెమెరా ఆన్‌లో లేదని కెమెరామన్ ఇప్పటికీ బాధపడతాడు.

ఎస్సై ఒక కొడవలి తీసుకుని వంచి చూసింది. అది వంగి మళ్లీ లేచింది. నవ్వు ఆపుకుని వదిలేసేదే కానీ, ఆమె చూపు జీపుల నంబర్ల మీద పడింది. ఆర్ట్ డిపార్టుమెంటువాళ్లు గాంభీర్యం కోసం అసలు ప్లేట్లు తీసి, నాలుగూ ఒకే అంకెగా ఉన్న ఉత్తుత్తి ప్లేట్లు బిగించారు. కత్తి ఉత్తుత్తిదైతే నేరం కాదు, నంబరు ఉత్తుత్తిదైతే నేరమే. బండ్ల కాగితాలు వచ్చేదాకా అందరినీ స్టేషన్‌కు రమ్మంది.

కొడవలి వంగడం చూసి మళ్లీ నవ్విన నాగప్ప మొహం మాడిపోయింది. దారిలో నా పక్కనే కూర్చుని గొణిగాడు.

"మావోడు కానిస్టేబుల్ సెలెక్షన్‌లో ఉండాడు సార్. ఇంటికాడ ఎంక్వైరీకి వస్తారంట. నాయన కత్తి పట్టుకున్నెట్ల టీవీలో వస్తే వాని గతేమి?"

నేను నా నీళ్ల సీసా అతని చేతిలో పెట్టాను.

స్టేషన్ గేటు బయట రేకుల పంచ ఉంది. శెట్టిగారు కాగితాలతో వచ్చేదాకా అందరం అక్కడే కూర్చున్నాం. ఎవరికీ భోజనం లేదు. ఓబుళమ్మ లోపలికి పోయి ఎస్సైని అడిగి వచ్చి, షూటింగు స్టవ్వు, షూటింగు నూనె దింపించి బజ్జీలు మొదలుపెట్టింది. నేనూ అనుమతి అడిగాను, నూనె చిటపటలు రికార్డు చేసుకోవడానికి. స్టేషన్ మాటలేవీ పడకూడదని ఎస్సై షరతు పెట్టింది. మైకు బాణలి వైపు తిప్పి, రికార్డరు ఆన్‌లో ఉందని అందరికీ చెప్పి కూర్చున్నాను. కాసేపటికి అందరూ నన్ను మరచిపోయారు.

మొదటి వాయి దిగింది. నాగప్ప చెయ్యి చాపాడు.

"ఏమప్పా నాగప్పా," అంది ఓబుళమ్మ, "కత్తి పట్టుకుంటే గడగడ వణికితివి. ఇప్పుడు వణకదా చెయ్యి?"

"అది ప్లాస్టిక్కు గదవ్వా. బజ్జీ నిజం."

వెనక ఎవరో పకపకా నవ్వారు. బాణలిలో ఇంకో బజ్జీ పడి సర్రుమంది. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. ఎందుకంటే ముప్పై సెకన్ల ప్రకటనకు కావలసినదంతా నా చెవుల్లో ఉంది.

శెట్టిగారు వచ్చారు. ఎస్సై కాగితాలు చూసి, ప్లేట్లకు జరిమానా రాసి, వంశీధర్‌కు నాలుగు చివాట్లు పెట్టి వదిలేసింది. జూనియర్ ఆర్టిస్టుల మీద ఏమీ లేదంది. నాగప్పకు మాత్రం తృప్తి లేదు. కెమెరాలో ఉన్న తన బొమ్మలు తీసేయమని వంశీధర్‌ను పట్టుకున్నాడు. రోజంతా తీసింది ఎలా తీసేస్తామని ఆయన. ఇద్దరి గొంతులూ లేస్తున్నాయి. నేను శెట్టిగారి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను. ఆయన విని, మళ్లీ ఒకసారి వినిపించమన్నాడు.

"జీపులు బ్యాడ, కత్తులు బ్యాడ," కన్నడం కలిసిన మాటలో వద్దనేశాడు హెడ్‌ఫోన్ తీయకుండానే, అందరికీ వినబడేంత గట్టిగా. "దుడ్లు ఇచ్చేది నేను. ఇది పెట్టండప్పా."

నాగప్పను అడిగాం. "గొంతు కావల్లంటే పెట్టుకోండి. కత్తి మాత్రం వద్దు," అన్నాడు. ఓబుళమ్మ తల ఊపింది.

వంశీధర్ మొహం చిన్నబోయింది. అది సహజమే. కానీ మర్నాడు ఆయన చేసిన పనిని చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఓబుళమ్మ అంగడి దగ్గర అదే మాట కెమెరా ముందు చెప్పించబోతే, నాగప్ప కోర్టులో ప్రమాణం చేసినట్టు "బజ్జీ... నిజం" అన్నాడు. అందరం తల పట్టుకున్నాం. వంశీధరే ఇద్దరినీ కెమెరాకు వీపు పెట్టి కూర్చోమన్నాడు. పెదవులు కనబడకపోతే నిన్నటి గొంతునే యథాతథంగా వాడుకోవచ్చు, డబ్బింగ్ అక్కర్లేదు. తెర మీద చేతులు, బాణలి, ఆవిరి, నవ్వుకు కదిలే భుజాలు. ఆ ఆలోచన నాకు రాలేదు, కెమెరామన్‌కూ రాలేదు. పైలట్ ట్రాక్ యథాతథంగా ప్రకటనలోకి ఎక్కడం నా ఉద్యోగంలో అదొక్కసారే.

కొడవళ్లున్న మెమరీ కార్డును నాగప్ప ఎదుటే చెరిపేశారు.

"పాయెనా? యాడికి పాయె?"

ఎక్కడికీ పోలేదు, లేకుండా పోయిందని వివరించడానికి కెమెరా అసిస్టెంటు చాలా కష్టపడ్డాడు. ఖాళీ తెర చూపిస్తే తప్ప నాగప్ప కదల్లేదు.

ప్రకటన హిందూపురం, ధర్మవరం సినిమా హాళ్లలో, కేబుల్లో వచ్చింది. నాగప్ప కొడుక్కు ఉద్యోగం వచ్చిందని తర్వాత తెలిసింది. ఏజెన్సీవాళ్లు ప్రకటనను ఏదో పోటీకి పంపుతూ సౌండ్ విభాగంలో స్టూడియో పేరు రాశారు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది: ఒక ప్రాంతం మనుషుల గురించి రాసిన మాటను, కెమెరా పెట్టకముందే వాళ్ల ఎదుటే చదివి వినిపించాలి. వాళ్లు ఇబ్బంది పడితే ఆ కాగితం చింపేయాలి. ఎవరినీ సహజంగా ఉండమని అడగకూడదు. చేతికి అలవాటైన పని ఇచ్చి, మనం నోరు మూసుకుని రికార్డు చేసుకోవాలి.