కదిలిన ఫోటో

దబీర్‌పురాలో ఆగయ్యను పెళ్లిళ్లకు ఎవరూ పిలిచేవారు కాదు. ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం ఏడుపులు మొదలైన గంటలోపే కబురు వచ్చేది. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలిపోకుండా వెనక నుంచి గుడ్డతో కట్టి, చుట్టూ ఇంటివాళ్లు నిలబడితే ఆయన ఫోటో తీసేవాడు. చాలామందికి జన్మకంతా అదొక్కటే ఫోటో. అది గోడకు తగిలించుకున్నవాళ్లే మర్నాడు వీధిలో ఆయన ఎదురైతే మొహం తిప్పుకునేవారు. ఎంత చల్లని మనసులో చూడండి!

కెమెరా తండ్రి నాటిది. చెక్క పెట్టె, ముందు ఇత్తడి షట్టరు. ఆ షట్టరుకు ఇరవై ఏళ్లుగా ఒకటే జబ్బు. నొక్కితే రెక్కలు తెరుచుకునేవి గాని, మూసుకోవడానికి బద్ధకించేవి. చుట్టూ నిలబడినవాళ్లు కాస్త మసకబారినా నడుమ కూర్చున్న మనిషి రూపు మాత్రం చెక్కినట్టు వచ్చేది. అందుకే దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు, ఆగయ్యకు కూడా.

పంతొమ్మిది వందల డెబ్బై ఆరు వానాకాలంలో ఆయన భార్య పుష్పమ్మకు దగ్గు ముదిరింది. డాక్టరు ఆగయ్యను పక్కకు పిలిచి, నెల గడవడం కష్టమన్నాడు. ఆ మాట ఆయన ఇంట్లో చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే అరుగు మీద పాత తువ్వాలు పరిచి, షట్టరు మరలు విప్పి, పళ్లెంలో పెట్రోలు పోసి రెక్కలు కడగడం మొదలుపెట్టాడు. మంచం మీంచి పుష్పమ్మ చూసింది.

“నాకేనా?” అంది.

ఆగయ్య ఇంకో రెక్క తీసి పెట్రోలులో ముంచాడు.

“డాక్టర్ చెప్పింది గిదేనా? నాకు చెప్పకుండ కెమెరాకు చెప్తున్నవా?”

“పిచ్చిదానా,” అన్నాడు ఆగయ్య. “చచ్చినోళ్లకైతే దీన్ని విప్పే పనే లేదు. ఆళ్లు కదలరు. నువ్వు కదులుతవ్ గదా.”

పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా ఆమె ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. ఎప్పుడడిగినా, “ఆ కెమెరా మొహం నా దిక్కు తిప్పకు” అనేది. ఇప్పుడు మాత్రం, “తియ్యి మరి. నువ్వు తీసినోళ్లెవ్వరు కండ్లు తెరువలే. నేను తెరుచుకొనే ఉంట” అంది.

మూడోరోజు షట్టరులోని వెంట్రుకంత స్ప్రింగు పట్టకారు కింద టప్పున విరిగింది. అఫ్జల్‌గంజ్‌లో గడియారాల దుకాణాలన్నీ తిరిగినా అలాంటిది దొరకలేదు. ఇరవై ఏళ్లు పట్టించుకోనందుకు ఆగయ్య తన తల తానే కొట్టుకున్నాడు. వేరే కెమెరా అడిగి తెస్తానంటే పుష్పమ్మ ఒప్పుకోలేదు. “అందరికి దీంతోనే తీసినవ్. నాకూ దీంతోనే తియ్యి.”

ఇక షట్టరు లేకుండానే తీయాలి. లెన్సు మూత తీసి, మూడు లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టాలి. ఆ మూడంకెలు లెక్కపెట్టేంతసేపూ ఆమె దగ్గకూడదు. పుష్పమ్మ పసుపు చీర కట్టుకుని, తన బొట్టు తానే పెట్టుకుని వాకిట్లో కుర్చీలో కూర్చుంది.

“ఒకటి... రెండు...”

దగ్గు తెర వచ్చింది. రెండోసారి కూర్చునే ఓపిక ఆమెకు లేకపోయింది. ఫోటోలో చీర అంచు, ఒళ్లో చేతులు, గాజులు స్పష్టంగా వచ్చాయి. మొహం ఉండాల్సిన చోట తెల్లటి మరక ఉంది.

ఫోటో తీసిన తొమ్మిదోరోజున పుష్పమ్మ పోయింది. ఆమె అక్క శారదమ్మ కుర్చీ వేయించి, చెల్లెల్ని కూర్చోబెట్టి గుడ్డతో కట్టించింది. “ఒక్కటి మంచిగ తియ్యి, మరిదీ. ఇప్పుడైతే కదలదు” అంది ఏడుస్తూ.

ఆగయ్య మూత తీసి, కెమెరా వెనక నల్లగుడ్డ కిందికి దూరాడు. కెమెరా వెనక అద్దం మీద ఆమె మొహం నిశ్చలంగా, ఎంతో స్పష్టంగా ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి బయటికి వచ్చి, మూత పెట్టేసి, ఫోటో తీయకుండానే ఆమె కట్లు విప్పాడు.

గోడకు ఆ కదిలిన ఫోటోనే పెట్టాడు. వచ్చినవాళ్లు మొహం ఏదని అడుగుతారు.

“దగ్గింది,” అంటాడు ఆగయ్య. “కండ్లు తెరుచుకొనే ఉన్నది.”