మా నాయనమ్మ వెల్డింగ్ మిషను కొన్న రోజు

నా చిన్నప్పుడు మా ఊళ్లో నాగలి కర్రు మొద్దుబారితే మా ఇంటికి వచ్చేవాళ్లు, ట్రాక్టరు గొర్రు విరిగితే వినుకొండ పోయేవాళ్లు. మాది కమ్మరం. మొదట్లో ఊరికి రెండే ట్రాక్టర్లు కాబట్టి మావాళ్లు పట్టించుకోలేదు. పత్తి, మిరప పెరిగేకొద్దీ ట్రాక్టర్లు పెరిగాయి, నాగళ్లకు చెదలు పట్టాయి. మా నాన్న కొలిమి ముందు పగలంతా ఊరికే కూర్చునే రోజులు వచ్చాయి. వెల్డింగ్ మిషను పెట్టకపోతే కొలిమి ఆర్పేసి అందరం మిరపకాయల కోతకు కూలికి పోవాల్సిందేనని మా నాయనమ్మ తేల్చేసింది. పాడి గేదెలు రెండూ అమ్మించింది. వచ్చిన డబ్బుకు ఒక్క మిషను వస్తుంది. అది పనికిరాకపోతే మళ్లీ అమ్మడానికి ఇంట్లో ఇంకేమీ లేదు.

మా తాతయ్య పోయాక కొలిమిని నిలబెట్టింది నాయనమ్మే. ఆమెకు చదువు రాదు. నాకూ అప్పటికి రాదు. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. కాబట్టి వినుకొండ కొట్లో మిషన్ల మీద ఏం రాసి ఉందో మా ఇద్దరికీ ఒకటే.

నాన్నా నాయనమ్మా నన్నూ తీసుకుని పోతే, కొట్లో రెండు మిషన్లు చూపించారు. ఒకటి పెద్దది, నిగనిగలాడే పచ్చ రంగు, కింద చక్రాలు. రెండోది దానికంటే చిన్నది, మట్టి రంగు, వెనక మూడు బోల్టులు. ఎవరికీ అక్కర్లేనట్టు మూలన పడి ఉంది. కొట్టాయన పచ్చదాన్ని పెట్టి రెండు ఇనప ముక్కలు అతికించి చూపించాడు. కళ్లు చెదురుతాయి, అటు తిరగమన్నారు గానీ నేను వేళ్ల సందుల్లోంచి చూశాను. గేదెల కోసం వారం రోజులుగా ఏడుస్తున్న నేను ఆ మిషను చూసి గేదెల్ని మర్చిపోయాను. మా నాన్నదీ అదే పరిస్థితి.

"ఇది తీసుకో పెద్దమ్మా, మీ మనవళ్లు కూడా దీని మీదే బతుకుతారు" అన్నాడు కొట్టాయన.

"బతుకుతార్లే. మా ఊళ్లో ఎట్టా పనిచేస్తది?"

"ఎక్కడైనా ఒకటేనమ్మా."

"ఒకటెట్టా అయిద్ది? మా ఊరి కరెంటుని సంచిలో ఏసుకుని రాలేను కదా నాయనా. నీ మిషన్నే మా ఊరికి పంపు. రెండూ పంపు."

"మిషనుకి పెళ్లిచూపులా పెద్దమ్మా?"

"మరి? పెళ్లికొడుకే కదా పిల్ల ఇంటికి రావాల్సింది!"

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయనకు ఇక కాదనే దారి లేకపోయింది. రెండు రోజుల్లో తన మెకానిక్కుతో రెండు మిషన్లూ పంపిస్తానని ఒప్పుకున్నాడు.

నాయనమ్మ పట్టుబట్టడానికి కారణం ఉంది. మోటార్లు తిరిగే కరెంటు మా ఊరికి పగలు కొద్ది గంటలే వచ్చేది. అది రాగానే మిరప తోటల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి. ఇళ్లలో బల్బులు ఎర్రటి పుల్లల్లా మిగిలేవి. వెల్డింగ్ మిషను నడవాల్సిందీ ఆ గంటల్లోనే, ఆ నీరసపు కరెంటు మీదే. అయితే మిషన్లు వచ్చిన రోజుకు తోటలన్నిటికీ తడి ఇవ్వడం అయిపోయింది. ఎవరూ మోటారు వెయ్యరు. అందుకని నాయనమ్మ నన్ను పిలిచి, ఊరి చుట్టూ ఉన్న ఎనిమిది మోటార్ల వాళ్లకూ చెప్పి రమ్మంది. ఒక్క గంటసేపు మోటార్లు వేసి, నీళ్లు బోదె కాలవల్లోకి వదిలెయ్యాలి.

మోటార్లన్నీ వేస్తే పచ్చ మిషను లాగలేదేమోనని ఆమె నాన్నతో అనడం నేను విన్నాను. దాచడం దేనికి? ఎనిమిది మందిలో ఇద్దరికి మాత్రమే మోటార్లు వెయ్యమని చెప్పాను. కాసేపు గట్టు మీద కూర్చుని, వెనక్కి పరిగెత్తుకొచ్చి అందరికీ చెప్పేశానన్నాను. నా పచ్చ మిషను ఓడిపోవడం నాకు ఇష్టం లేదు.

మెకానిక్కు ముందు పచ్చ మిషనుకు తీగలు బిగించి, విరిగిన గొర్రు మీద రాడ్డు ఆనించాడు. నిప్పు చక్కగా పట్టుకుంది. అతుకు నున్నగా వచ్చింది. "చూశావా అమ్మా!" అన్నాడు నాన్న. అప్పటికే ఆయన చెయ్యి డబ్బు మూట మీద ఉంది. నేను చప్పట్లు కొట్టాను.

నాయనమ్మ కొలిమి పాక పక్కకు నడిచింది. అక్కడ తూర్పు చేల మోటారు నీళ్లు పారే బోదె ఉంది. ఆ సంగతి నేను మర్చిపోయాను. బోదెలో చుక్క నీరు లేదు. ఆమె ఆ బోదెను చూసింది, తర్వాత నన్ను చూసింది. అందరి ముందూ నన్ను దొంగను చెయ్యడానికి ఆమెకు ఒక్క మాట చాలు.

"ఇంకా మోటార్లు ఎయ్యలేదు నాయనా. మజ్జిగ తాగి కూర్చో" అంది మెకానిక్కుతో. తర్వాత నన్ను పాక వెనక్కి తీసుకెళ్లి తల మీద చెయ్యి వేసింది.

"పచ్చది నీకు బాగా నచ్చింది కదే?"

తలూపాను.

"అయితే దాన్నే గట్టిగా చూడాల. నచ్చందాన్ని ఎవరైనా గట్టిగానే చూస్తారు. పో, ఈసారి అందరికీ చెప్పిరా."

గొంతు బొంగురుపోయేదాకా చేలన్నీ తిరిగి అరిచాను. "ఏమే, మీ మిషనుకి నీళ్లు తాగిస్తన్నారా ఏంది?" అని ఒకాయన నవ్వుతూనే మోటారు వేశాడు. నేను తిరిగొచ్చేసరికి బోదె నిండుగా పారుతోంది.

ఈసారి ఇంకో విరిగిన గొర్రు పెట్టారు, పచ్చ మిషను రాడ్డు దాని ఇనుముకు అతుక్కుపోయింది. మెకానిక్కు ఊడబీకి మళ్లీ ఆనించాడు. మళ్లీ అతుక్కుంది. మిషను మూలిగింది. చేలోంచి ఎవరో, "ఒరేయ్, కరెంటు లాగేదెవడ్రా? మోటారు చచ్చిపోతంది!" అని కేకేశారు. మెకానిక్కు పచ్చదాని తీగ విప్పాడు. తర్వాత మట్టి రంగుదానికి తీగ బిగించాడు. మొదటి బోల్టు మీద అదీ పట్టుకోలేదు. తీగ విప్పి మూడో బోల్టుకు మార్చాడు. ఆ బోల్టు కరెంటు తక్కువున్నప్పుడు వాడేదట. నిప్పు రెండుసార్లు కొట్టుకుని నిలబడింది. పని నిదానంగా సాగింది, అతుకు గరుగ్గా వచ్చింది, కానీ వచ్చింది. నాయనమ్మకు అదీ చాలలేదు. ఆ గొర్రును ట్రాక్టరుకు తగిలించి పక్క చేలో, నల్లరేగడిలో, రెండు చాళ్లు లాగించింది. అతుకు ఊడలేదు.

పచ్చ మిషను ట్రక్కెక్కి వెనక్కి పోయింది. నేను ఏడ్చాను, అది నిజం. అయితే ఆ పంట కారు నుంచే వినుకొండ పోయే ట్రాక్టర్లు మా వాకిట్లో ఆగడం మొదలైంది. దర్శి వైపు ఊళ్ల నుంచి కూడా విరిగిన గొర్రులు మోసుకొచ్చారు. మేము ఎవరి చేలోకీ కూలికి పోలేదు. ఊరంతా మా నాన్న తెలివిని పొగిడితే, "నాది కాదు, మా అమ్మది" అని ఆయన అందరికీ చెప్పేవాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ పొంగినట్టే ఉంటుంది. నా అబద్ధం సంగతి మాత్రం నాయనమ్మ తను పోయేదాకా నాన్నకు కూడా చెప్పలేదు.

ఆ మట్టి రంగు మిషను మీదే నేను వెల్డింగ్ నేర్చుకున్నాను. ఆడమనిషి నిప్పుతో ఆడుకోవడమేంటని నవ్వినవాళ్ల గొర్రులు కూడా నేనే అతికించాను. ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్లో తేలికపాటి మిషన్ల బొమ్మలు చూపించి ఏది కొనమంటావని అడుగుతారు. మీకు బాగా నచ్చింది ఏదో చెప్పండి, దాన్ని మోటార్లన్నీ తిరిగే వేళ ఇక్కడికి తెప్పించండి అంటాను. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి.

నా పనిని నేను పరీక్షించుకునేదీ అట్లాగే. గరుగ్గా వచ్చిన అతుకును ఒక దెబ్బ కొట్టి చూస్తాను. ఆహా, ఎంత అందంగా వేశాను అని నాకే ముచ్చటేసిన అతుకును మూడు దెబ్బలు కొడతాను. రైతు చూస్తుండగానే కొడతాను. ఊడితే మళ్లీ వేస్తాను.