వందలోంచి ఏడు తీసేస్తూ హొసకోటె దాకా

పోయిన వారం క్లినిక్‌లో ఫిజియో అమ్మాయి నన్ను వరండాలో నడుస్తూ వందలోంచి ఏడేడు తీసేయమంది. నేను అనంతపురంలో ముప్పైమూడేళ్ళు లెక్కలు చెప్పిన టీచర్ని. తొంభై మూడు, ఎనభై ఆరు అన్నాక కాళ్ళు ఆగిపోయాయి. చేతులు కట్టుకుని నిలబడి డెబ్భై తొమ్మిది అన్నాను. నా క్లాసులో ఎవరైనా నిలబడే జవాబు చెప్పేవారు మరి. ఈ వయసులో ఆలోచన, నడక, మనసు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని, దిగులుగా ఉన్నా అడుగు తడబడుతుందని ఆ అమ్మాయి చెప్పింది. మనసెలా ఉందంటే బాగుందన్నాను. అబద్ధం. మా ఆయన పోయిన ఈ రెండేళ్ళలో నేను బాగున్న రోజులు చాలా తక్కువ. ఇప్పుడు బెంగళూరులో మా అమ్మాయి సరిత దగ్గర ఉంటున్నాను. ఇంటికి రాగానే సరిత ఇక ఒంటరిగా గేటు దాటొద్దంది. నాకు ఒళ్ళు మండింది. ఆదివారం హొసకోటె వెళ్ళి, అక్కడ తెల్లవారుజాము నుంచే అమ్మే బిర్యానీ తినొస్తానన్నాను. చాలాసేపు వాదించుకున్నాక సరిత ఒక షరతు పెట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా ఎత్తాలి. ఒక్కసారి ఎత్తకపోయినా ఇదే ఆఖరు ప్రయాణం.

ఉదయం ఆరుంబావుకి మారతహళ్ళిలో బస్సెక్కి, కె.ఆర్.పురంలో మారి, ఏడున్నరకి హొసకోటెలో దిగాను. కర్ణాటక చిరునామాతో ఆధార్ ఉంటే ఆడవాళ్ళకి టికెట్ ఉచితం. అక్కడి నుంచి ఆటోకి యాభై తీసుకున్నాడు. డ్రైవర్‌ది పాత బెంగళూరు తెలుగు. "శానా జనం ఉండారక్కా, నిలబడగలరా?" అన్నాడు. నిలబడటమే నా ఉద్యోగం అన్నాను. బిర్యానీ హోటల్ ముందు లైనులో నలభై నిమిషాలు పట్టింది. వంటాయన, "పెద్దవారు కదా, హాఫ్ ప్లేటు చాలా?" అని అడిగితే ఫుల్లే పెట్టమన్నాను. మొత్తం తిన్నాను. చాలా రోజుల తర్వాత ఆకలి తెలిసింది.

తిరిగి బస్సు కోసం నడిచి వస్తూ పంతం కొద్దీ మళ్ళీ వందలోంచి ఏడేడు తీసెయ్యడం మొదలుపెట్టాను. అరవై అయిదు దగ్గర ఫుట్‌పాత్ మీద పైకి లేచిన బండకు కాలు తగిలి గోడ పట్టుకున్నాను. భయమేసింది. మెయిన్ రోడ్డు అంచుకొచ్చి లెక్క మానేశాను. సగం దాటానో లేదో సంచిలో ఫోన్ మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. సరితే అని తెలుసు, షరతూ గుర్తుంది. చెయ్యి సంచి దాకా వెళ్ళింది. పక్కనుంచి లారీ వస్తోంది. చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్ని పోనిచ్చి, అవతలికి చేరి టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాక నేనే ఫోన్ చేశాను.

సరిత వెంటనే ఎత్తింది. "ఎందుకెత్తలేదమ్మా?"

"రోడ్డు దాటుతున్నానే. నడుస్తూ జవాబు చెప్పను."

సరిత గొంతు తగ్గించి, "అక్కడ పార్సిల్ ఇస్తారా?" అంది.

"ఇస్తారు. మళ్ళీ రోడ్డు దాటాలి. అరగంట ఫోన్ చెయ్యకు."

ఫిజియో అమ్మాయి చెప్పింది నిజమే. రెండు పనులు కలిస్తే నా అడుగు తడబడుతుంది. దానికి మందు గేటు లోపల కూర్చోవడమంటే మాత్రం ఒప్పుకోను. కూర్చుంటే దిగులు, దిగులుకి కాళ్ళు మరింత బరువు. ఒకసారికి ఒకే పని చేస్తాను, అది బయట చేస్తాను. ఈ వారం క్లినిక్‌కి వెళ్ళి మనసు గురించి చెప్పిన అబద్ధం కూడా దిద్దుకుంటాను. మీరు హొసకోటె వెళ్తే ఉదయం తొమ్మిదిలోపే చేరండి, బిర్యానీ అయిపోతుంది. రోడ్డు దాటేటప్పుడు ఫోన్ సంచి అడుగున పెట్టండి, కన్నకూతురు చేసినా సరే.