గోడ దాటని చెయ్యి

ముద్రలు చెక్కే ఇద్దిన్ దిల్మున్ దీవి రేవు గోడ దాటి పద్దెనిమిదేళ్లయింది. తప్పు చేసి కాదు, పని బాగా వచ్చి. గిడ్డంగి తలుపుల మీది మట్టిముద్దలపై పడే అధికారి ముద్ర అతని చేతి పనే. అలాంటి చెయ్యి పొరుగు దీవికి పోతే అక్కడ ఆ ముద్రకు జోడు పుట్టుకొస్తుందని పెద్దల భయం. అందుకని చేతిని కట్టేశారు, చేతితోపాటు మనిషినీ. పైగా అది గౌరవమట. నా నోరు మంచిది కాదు గనక ఆ గౌరవాన్ని ఏమనాలో ఇక్కడ అనను.

ఖర్జూరాలు పండే రోజుల్లో పడవ సరంగు ఒక కబురు తెచ్చాడు. ఎదుటి దీవిలో కాపురముంటున్న కూతురు నబీతుకు తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. నాన్నను ఒక్కసారి చూడాలంటోందట. తల్లి లేని పిల్ల. ఇద్దిన్ ఉలి పక్కన పడేసి అధికారి యగ్లీ దగ్గరికి పరిగెత్తాడు.

"రెండ్రోజుల్లో వచ్చేస్తానయ్యా. ఇంజాక్ దేవుడి మీద ఒట్టు."

"నువ్వెళ్లి ఏం చేస్తావోయ్, మంత్రసానివా?" అన్నాడు యగ్లీ, చేపలో ముల్లు తీసుకుంటూ. "పోయి పని చూసుకో."

ఇద్దిన్ పనే చూసుకున్నాడు. బలపపురాయి బిళ్ల తీసి యగ్లీ ముద్రనే మళ్లీ చెక్కాడు. రెండు జింకలు, నడుమ ఖర్జూరపు చెట్టు, అచ్చు సరిగ్గా పడేలా అన్నీ కుడి ఎడమలు తారుమారుగా. దొరికితే చెయ్యి తీసేస్తారని తెలుసు. రాయి గట్టిపడేలా బట్టీలో కాల్చే తీరిక లేక పచ్చిరాయినే మట్టిముద్ద మీద నొక్కి, తాడు గుచ్చి మెడలో వేసుకున్నాడు. గోడ దాటడానికి అదే అనుమతి.

ద్వారం దగ్గర కావలివాడు హబ్లు ఆ ముద్దను తిప్పి తిప్పి చూశాడు.

"ఇదెవరిచ్చారు మామా?"

"ఇంకెవరు, మీ అయ్యగారే. అవతల పడవ కదులుతోంది, తొందరగా కానీ."

"మరి జింక కొమ్ము నిక్షేపంలా ఉందేంటి? అయ్యగారి ముద్రలో ఆ కొమ్ము ఊడిపోయి ఏడాదైందిగా."

ఇద్దిన్ మెడలోని ముద్ద వంక చూసుకున్నాడు. తన చేతిలోంచి వెళ్లిన రోజు ఆ ముద్ర ఎలా ఉందో అలాగే చెక్కాడు. బట్టీ దగ్గర కూర్చున్నవాడికి అది తర్వాత ఎన్ని దెబ్బలు తిందో ఎలా తెలుస్తుంది?

హబ్లు కబురు పెడితే యగ్లీ వచ్చాడు. ఇద్దిన్ నడుములో దోపుకున్న రాయి లాక్కుని, తన పాత ముద్రనూ దాన్నీ తడిమట్టి మీద పక్కపక్కన నొక్కి చూశాడు. ముఖం విప్పారింది.

"భలేవాడివోయ్. కొత్తది చెక్కమని నీకే చెబుదామనుకుంటున్నా. చూడకుండానే ఇంత నిక్కచ్చిగా చెక్కావా? ఇక నిన్ను వదిలితే నా అంత వెర్రివాడు ఉండడు. ఇదిగో, రేపటికి కాల్చి పట్రా."

ఇద్దిన్ కుడిచెయ్యి కావలివాడి అరుగు మీద పెట్టాడు.

"ఇది నరికి మీరే ఉంచుకోండయ్యా. నన్ను పోనివ్వండి."

"అప్పుడు దీన్ని ఎవడు కాలుస్తాడోయ్?" అని యగ్లీ పగలబడి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సరంగు కాసేపు చూసి పడవ తాడు విప్పేశాడు. ఇద్దిన్ చెయ్యి ఇంకా అరుగు మీదే ఉంది.